‘నాకు ఎక్కదు మేడమ్’: ఒక ఫస్టియర్ కేసు

వార్డెన్ రాసిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. కూర్చోమంటే కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. నేనింకా ఏమీ అడగలేదు.

"నేను తాగుబోతుని కాదు మేడమ్. నాకసలు ఎక్కదు" అన్నాడు.

ఈ కేసంతా ఆ రెండో మాటలోనే ఉంది. అది నా బుర్రకెక్కడానికి మాత్రం రెండు వారాలు పట్టింది.

యూనివర్సిటీ విద్యార్థుల కౌన్సెలింగ్ సెంటర్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. రాసింది చదివి రెండు చోట్ల దిద్దాడు కూడా. అతన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. కొలతలు, స్కోర్లు మాత్రం ఫైల్లో ఉన్నవే.

ఎలా వచ్చాడు

వయసు 18, బరువు 62 కిలోలు. యూనివర్సిటీలో చేరి అప్పటికి ఏడో వారం. ఒక శనివారం అర్ధరాత్రి దాటాక హాస్టల్ మెట్ల మలుపులో పడి ఉన్నాడు, చొక్కా నిండా వాంతి. రూమ్మేట్లు ఇద్దరూ అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, మొహాన నీళ్లు కొట్టి, చెంపలు తట్టి, అలా నలభై నిమిషాలు గడిపారు. తర్వాత భయం పట్టుకుని వార్డెన్ తలుపు కొట్టారు. క్యాజువాలిటీలో షుగర్ చూసి, సెలైన్ పెట్టి, తెల్లారేదాకా కనిపెట్టి చూసి పంపేశారు.

వార్డెన్ కాగితంలో రెండే విషయాలున్నాయి. క్రమశిక్షణ తప్పాడు కాబట్టి కౌన్సెలింగ్ తప్పనిసరి, వారం వారం రిపోర్టు పంపాలి. అబ్బాయి వింటుండగానే వార్డెన్‌కి ఫోన్ చేశాను. సెషన్‌కి వచ్చాడో లేదో చెబుతాను గానీ ఏం మాట్లాడుకున్నామో చెప్పనని అన్నాను. మొదటి సెషన్‌లో నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఆ తర్వాత ఆడిట్ ఫారం ఇచ్చాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన పది ప్రశ్నల పట్టిక అది. గత ఏడాది తాగుడు గురించి అడుగుతుంది. స్కోరు 0 నుంచి 40 దాకా. 8 వచ్చిందంటే ఆగి చూడాలి, 16 వస్తే హాని మొదలైనట్టు, 20 వస్తే వ్యసనం కోణంలో పూర్తిగా పరీక్షించాలి. రెండు నిమిషాల్లో నింపి ఇచ్చేశాడు. కూడితే 5 వచ్చింది.

క్యాజువాలిటీ దాకా వెళ్లొచ్చిన పిల్లాడికి 5 ఏమిటని నాకు అనుమానం రావాలి. రాలేదు. ఆ రోజు మధ్యాహ్నం వరసగా ఇది నాలుగో సెషన్. "సమస్య ఇంకా ముదరలేదు, మంచిదే" అనుకుని కాలేయం గురించి, మెదడు ఎదుగుదల ఇరవై దాటాక కూడా సాగుతుందన్న దాని గురించి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ప్రతిదానికీ తలూపాడు. అలా తలూపుతున్నారంటే వినడం లేదని ఇన్నేళ్ల అనుభవంలో నాకు తెలిసి ఉండాల్సింది. మరుసటి వారం రాలేదు.

నీళ్లు, పేపర్ కప్పు, మెజరింగ్ జార్

రాకపోతే ఇంటికి ఫోన్ చేస్తానని వార్డెన్ అన్నాక వచ్చాడు. ఈసారి ఫారం తీయలేదు. ముందురోజు కెమిస్ట్రీ ల్యాబ్ నుంచి 250 మిల్లీలీటర్ల మెజరింగ్ జార్ అడిగి తెచ్చుకున్నాను. బల్ల మీద ఒక నీళ్ల సీసా, వాళ్లు పార్టీల్లో వాడేలాంటి పేపర్ కప్పు పెట్టాను.

"నీ పెగ్గు ఎంతో పోసి చూపించు. మందు ఎంత పోస్తావో అన్ని నీళ్లు పొయ్యి, కలుపుకునేది వద్దు" అన్నాను.

నవ్వాడు. అప్పటిదాకా ఆ మొహంలో నవ్వు చూడలేదు. సీసా ఎత్తి, కప్పు పక్కకి వంచి, చెయ్యి తిరిగినవాడిలా పోశాడు. దాన్ని జార్‌లోకి వంపి మట్టం కళ్లకి ఎదురుగా పెట్టి చూడమన్నాను. 85. మళ్లీ పోయమన్నాను. 90. మూడోసారి జాగ్రత్తపడ్డాడు. 80.

లెక్క కాగితం మీద అతనితోనే వేయించాను. 40 శాతం ఆల్కహాల్ ఉన్న మందు 85 మిల్లీలీటర్లలో స్వచ్ఛమైన ఆల్కహాల్ 34 మిల్లీలీటర్లు. బరువులో అయితే దాదాపు 27 గ్రాములు. ‘ఒక డ్రింకు’ అంటే ఎంతో దేశాలే ఒక మాట మీద లేవు. బ్రిటన్‌లో యూనిట్ అంటే 8 గ్రాములు, అమెరికాలో డ్రింకు అంటే 14. ఆడిట్ ఫారం లెక్క 10 గ్రాములది. అంటే ఇతను ‘ఒకటి’ అంటున్నది నిజానికి రెండున్నర పైమాటే. మామూలు శనివారం ‘మూడు’ అంటే ఎనిమిది. మెట్ల మలుపులో పడిపోయిన రాత్రి ‘నాలుగు’ అంటే పదికి పైన.

అతను అబద్ధం రాయలేదు. ఫారం డ్రింకులు అడిగింది, అతను తాను పోసుకున్న కప్పులు లెక్కపెట్టి చెప్పాడు. తప్పు నాదే. కప్పు ఎంతదో అడగకుండా ఎన్ని కప్పులని అడిగి, వచ్చిన అంకెను నమ్మాను.

అదే ఫారాన్ని ఈసారి పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్నా మాట్లాడుకుంటూ నింపాం. ఆరు డ్రింకులు గానీ అంతకుమించి గానీ తాగిన రోజులు ‘ఎప్పుడో ఒకసారి’ కాస్తా ‘ఇంచుమించు ప్రతి వారం’ అయింది. ఇంత చాలని మొదట అనుకుని తర్వాత ఆపలేకపోయిన రోజులు బయటపడ్డాయి. ఒక సోమవారం ల్యాబ్ ఎగ్గొట్టిన సంగతీ వచ్చింది. ‘మీ తాగుడు గురించి ఎవరైనా ఆందోళన పడ్డారా’ అన్న ప్రశ్నకి మొదటిసారి లేదని రాశాడు. ఎందుకని అడిగితే, "వార్డెన్‌ది ఆందోళన కాదు మేడమ్, కోపం" అన్నాడు. మరి ఇంట్లో ఎవరూ అనలేదా అంటే కాసేపు మాట్లాడలేదు. "అక్క" అన్నాడు. ఈసారి స్కోరు 17.

17 చూసి కంగారుపడి వ్యసనం అని రాసేయలేదు. పొద్దున లేవగానే తాగడం లేదు, తాగకపోతే చేతులు వణకడం, చెమటలు పట్టడం లేవు. వారంలో ఐదారు రోజులు ముట్టుకోడు, ముట్టుకోవాలనీ అనిపించదు. కొత్తగా చేరిన విద్యార్థుల్లో నేను ఎక్కువగా చూసే తీరు ఇదే. రోజూ తాగరు. తాగిన రోజు మాత్రం వారానికి సరిపడా రెండు గంటల్లో తాగేస్తారు. ‘వారానికి ఎన్నిసార్లు’ అని అడిగి వదిలేస్తే వీళ్లు మనకి కనపడరు.

ఆ రాత్రి, గంట గంటకీ

రెండో సెషన్‌లో మిగిలిన సమయమంతా ఆ ఒక్క రాత్రికే ఖర్చు చేశాం. బోర్డు మీద ఒక గీత గీసి గంటలు గుర్తుపెట్టాను.

మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత ఏమీ తినలేదు. ముందు రాత్రి నాలుగు గంటలే నిద్ర. పార్టీ తొమ్మిదిన్నరకి. తొమ్మిదికే రూములో సిట్టింగ్ మొదలైంది, దాన్ని వాళ్లు వార్మప్ అంటారు. మొదటి రెండు కప్పులు ఎనర్జీ డ్రింకులో కలిపి ఇరవై నిమిషాల్లో ఖాళీ. పార్టీలో ఇంకో రెండు, పదిన్నరలోపే. గంటన్నరలో 107 గ్రాములు.

ఖాళీ కడుపైతే ఆల్కహాల్ చిన్నపేగులోకి త్వరగా దిగి రక్తంలో ఒక్కసారిగా పెరుగుతుంది. ఎనర్జీ డ్రింకులోని కెఫీన్ నిద్రమత్తుని కప్పేస్తుంది తప్ప రక్తంలోని ఆల్కహాల్‌ని తగ్గించదు. మనిషి అంతే తాగి ఉంటాడు, తాగినట్టు తనకి తెలియదు. తాగిన మోతాదు, ఒంటి బరువు బట్టి అంచనా వేసే విడ్‌మార్క్ సూత్రంతో లెక్కిస్తే ఆ రాత్రి అతని రక్తంలో ఆల్కహాల్ 0.2 శాతం దరిదాపుల్లోకి వెళ్లి ఉండాలి. ఇది అంచనా మాత్రమే, క్యాజువాలిటీలో రక్తంలో ఆల్కహాల్ ఎంతుందో కొలవలేదు. చాలా దేశాల్లో బండి నడపడానికి పెట్టిన హద్దు 0.05 గానీ 0.08 గానీ. దానికి రెండున్నర నుంచి నాలుగు రెట్లన్నమాట.

పార్టీలో ఎవరో పాట మొదలుపెట్టడం వరకు అతనికి గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది క్యాజువాలిటీ లైటు. మధ్యలో మూడున్నర గంటలు లేవు.

లేవు అంటే అతను స్పృహ తప్పి ఉన్నాడని కాదు. డ్యాన్స్ చేస్తున్న వీడియో ఉంది. ఎవరితోనో వాదిస్తున్న వీడియో కూడా ఉంది. ఆల్కహాల్ అంత వేగంగా పెరిగినప్పుడు, మెదడులో జ్ఞాపకాల పని చూసే హిప్పోక్యాంపస్ అనే భాగం కొత్త జ్ఞాపకాల్ని రాసుకోవడం ఆపేస్తుంది. మాట, నడక, నవ్వు నడుస్తూనే ఉంటాయి, కెమెరా ఆన్‌లో ఉండి రికార్డింగ్ ఆగిపోయినట్టు. అందుకే పక్కవాళ్లకీ తెలియదు. ఈ పిల్లలు దీన్ని ‘ఔట్ అయిపోయా’ అంటారు, నిద్రపోవడాన్నీ అదే మాటతో అంటారు. రెండూ ఒకటి కాదని చెప్పడానికే నాకు చాలాసేపు పట్టింది.

అప్పుడు ఫోన్ తీసి కాల్ లాగ్ చూపించాడు. ఆ రాత్రి 11:18కి అక్కకి ఫోన్. 23 నిమిషాలు.

"ఏం మాట్లాడావు?"

"తెలీదు మేడమ్."

"ఆమెని అడిగావా?"

అడగలేదు. పదహారు రోజులైంది. ఆ తర్వాత అక్కతో రెండుసార్లు మాట్లాడాడు, ఇద్దరూ ఆ ఫోన్ ఊసెత్తలేదు. నా పది నిమిషాల కాలేయం పాఠం చేయలేని పనిని ఆ 23 నిమిషాలు చేస్తున్నాయి. నేను నోరు మూసుకుని కూర్చోవడమే మిగిలింది.

ట్యాంకు

మూడో సెషన్‌కి చెప్పిన టైముకన్నా ముందే వచ్చి బయట కూర్చున్నాడు. అక్కని అడిగాడట. ఆ రాత్రి ఏడ్చాడట. "క్లాసులో ఒక్క ముక్క అర్థం కావట్లేదక్కా, అర్థమైనట్టు రాసుకుంటున్నా, వాళ్లు నవ్వితే నేనూ నవ్వుతున్నా" అన్నాడట. మొదటి టెస్టులో రెండు సబ్జెక్టులు పోయిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పనివాడు ఆ రాత్రి ఆమెకి చెప్పేశాడు. తాగి ఉన్నాడని ఆమెకి అనుమానం కూడా రాలేదు, మాట అంత స్పష్టంగా ఉందట.

శనివారాల సంగతి అప్పుడు బయటికొచ్చింది. చేరిన రెండో వారం ఒక సిట్టింగ్‌లో అందరూ వాలిపోతే ఇతను నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఒక సీనియర్ "వీడు ట్యాంకురా" అన్నాడు. పేరు ఖాయమైపోయింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా వెనక బెంచీలో ఎవరికీ పట్టనివాడికి శనివారం రాత్రి ఒక పేరుంది, పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లున్నారు. తాగడం మానెయ్యమని చెప్పినప్పుడు నేను ఆ పేరు కూడా వదులుకోమంటున్నానని నాకు తెలియలేదు. చేరిన మొదటి ఆరు వారాలు తాగుడు విషయంలో గండం లాంటివని ఈ రంగంలో అందరం అనుకునే మాటే. స్నేహాలు కుదిరేదీ అప్పుడే, పేర్లు పడేదీ అప్పుడే, మొదటి మార్కులు వచ్చేదీ అప్పుడే.

"ఎక్కకపోవడం గొప్పే కదా మేడమ్? మా నాన్న కూడా అంతే. ఎంత తాగినా తూలరు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు గొంతులో గర్వముంది.

నాన్న రోజూ తాగుతారు. ‘తూలరు’ కాబట్టి ఇంట్లో ఎవరూ దాన్ని సమస్య అనరు. నేను కుటుంబ చరిత్ర మొదటి సెషన్‌లోనే అడిగి ఉండాల్సింది. వ్యసనం వచ్చే అవకాశంలో సుమారు సగం వంశపారంపర్యం నుంచి వస్తుంది. అమెరికాలో మార్క్ షుకిట్ అనే సైకియాట్రిస్టు తాగుడు సమస్య ఉన్న తండ్రుల కొడుకుల్ని ఇరవై ఏళ్ల వయసు నుంచి ఏళ్ల తరబడి గమనించాడు. వాళ్లలో మందు తక్కువగా ఎక్కిన కుర్రాళ్లకే తర్వాతి రోజుల్లో సమస్య ఎక్కువగా వచ్చింది. తూలినవాడు రెండో గ్లాసు దగ్గర ఆగిపోతాడు. తూలనివాడు నాలుగో గ్లాసు దాకా వెళతాడు. కాలేయానికి, హిప్పోక్యాంపస్‌కి మాత్రం ఎక్కడం, ఎక్కకపోవడం అనే తేడా లేదు.

అతనికి ఇలా చెప్పాను: "లోడు ఎక్కువైతే ఫ్యూజు కొట్టేయాలి. నీ ఫ్యూజు కొట్టేయదు. అది గట్టి ఫ్యూజని నువ్వు అనుకుంటున్నావు. వైరు కాలుతోందని నేను అంటున్నా." అతను చదివేది ఎలక్ట్రికల్ కాదు గానీ ఆ మాట పట్టుకున్నాడు. మొన్న ఈ రాతని చదివినప్పుడు కూడా ఆ వాక్యం తీయొద్దన్నాడు.

ఆ రోజే ఇంకో పని చేశాం. "మా ఫ్లోర్‌లో అందరూ తాగుతారు మేడమ్" అన్నాడు. తెల్లకాగితం ఇచ్చి ఫ్లోర్ గీయమన్నాను. రూములు, పేర్లకి బదులు చుక్కలు. ఈ నెలలో తన కళ్లారా తాగుతుండగా చూసినవాళ్ల చుక్కలు నింపమన్నాను. 38 చుక్కల్లో నిండినవి 9. కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. "మిగతావాళ్లు శనివారం ఏం చేస్తారు?" అని తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. తాగేవాళ్ల గోల వినపడుతుంది, పడుకున్నవాళ్ల గురక గోడ దాటదు. విద్యార్థులు తోటివాళ్ల తాగుడుని ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకుంటారని పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే పరిశోధకులు 1986లోనే రాశారు. ఈ చుక్కల పని ఒక్కటే మనిషిని మారుస్తుందని నేను నమ్మను. ఇలాంటి చిన్న సెషన్ల ప్రభావం మొత్తం మీద చిన్నదే, నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది కూడా. కానీ ‘అందరూ’ అన్న మాట ఆ తర్వాత అతని నోట రాలేదు.

ఏం ఒప్పుకున్నాడు, ఏం ఒప్పుకోలేదు

తాగుడు తగ్గించుకోవడం నీకు ఎంత ముఖ్యం, సున్నా నుంచి పదిలో చెప్పమన్నాను. నాలుగన్నాడు. "ఒకటి ఎందుకు కాదు?" అని అడిగాను. మారడానికి కారణాలు మనిషి నోటే చెప్పించే కౌన్సెలింగ్ పద్ధతి, మిల్లర్, రోల్నిక్‌ల మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌లో ఇది పాత ప్రశ్నే. పది ఎందుకు కాదని అడిగితే మనిషి సాకులు వెతుక్కుంటాడు, ఒకటి ఎందుకు కాదంటే కారణాలు వెతుక్కుంటాడు. అతను రెండు చెప్పాడు. అక్కకి ఏం చెప్పాడో తనకే తెలియకపోవడం. తర్వాత, ఆదివారాలు.

ఆదివారాల సంగతి నాకు కొత్త. పొద్దున్న ఆరింటికల్లా ఫ్రెండ్ బండి తీసుకుని గ్రౌండ్‌కి వెళ్లేవాడు. కాలేయం గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ని వదిలించగలదు. కాఫీతోనో చన్నీళ్లతోనో దాన్ని తొందరపెట్టలేం. శనివారం తొమ్మిదికి మొదలుపెట్టి 80 గ్రాములు తాగితే ఆదివారం ఆరింటికి ఇంకా ఒంట్లో ఉండే అవకాశం ఎక్కువ. లెక్క తనే వేసుకున్నాడు. "అంటే నేను ప్రతి ఆదివారం..." అని ఆగిపోయాడు. నేను ఆ వాక్యాన్ని పూర్తి చేయలేదు.

మానేస్తానని మాత్రం అనలేదు. కుటుంబ చరిత్ర చూసి, పూర్తిగా మానమనే చెప్పాలని మా సైకియాట్రిస్టు సహోద్యోగి అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూటిగానే చెప్పింది. ఆ రెండు విషయాలూ అబ్బాయికి దాచకుండా చెప్పాను, నిర్ణయం అతనికే వదిలాను. మొదటి సెషన్ తర్వాత రాకుండా పోయినవాడు నాలుగోసారి కూడా నా ఎదురుగా కూర్చోవాలన్నది నా లెక్క. ఇందులో నేను తప్పయి ఉండొచ్చు.

తన షరతులు తనే రాసుకున్నాడు. రూములో వార్మప్ లేదు. తిన్నాకే. ఎనర్జీ డ్రింకు కలపడం లేదు. తాగిన మర్నాడు మధ్యాహ్నం దాకా బండి లేదు. రెండు దాటకూడదు, ఆ రెండూ కొలిచినవి. నా దగ్గరే మార్కర్ తీసుకుని ఒక స్టీలు గ్లాసు లోపల 30 మిల్లీలీటర్ల దగ్గర గీత గీసుకున్నాడు. దానిలో నీళ్లు పోసి చూపిస్తూ "ఇదేనా మేడమ్ పెగ్గంటే? గ్లాసు కడిగిన నీళ్లలా ఉంది" అన్నాడు.

రెండోదాని తర్వాత ఏముంటుందో కూడా మాట్లాడుకున్నాం. కిక్కు అనేది రక్తంలో 0.05, 0.06 శాతం దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి పెరిగేది మత్తు, మందకొడితనం. ఆ రాత్రి అన్నిటికన్నా బాగున్న క్షణం ఏదని అడిగితే, "మొదటి కప్పు అయిపోవస్తున్నప్పుడు" అని ఠక్కున చెప్పాడు. మిగతా మూడూ ఆ క్షణం మళ్లీ వస్తుందని తాగినవే.

చదువు పని పక్కన వేరుగా నడిచింది. డిపార్ట్‌మెంట్‌లో ఒక టీచర్‌తో వారానికి రెండు గంటలు ఏర్పాటు చేశాం. నిజం చెప్పాలంటే తగ్గడంలో సగం పుణ్యం ఆ రెండు గంటలదేనని నా అనుమానం. టెస్టులో పాసయ్యాక శనివారం కోసం ఎదురుచూపు తగ్గిందని అతనే అన్నాడు.

రూమ్మేట్లు

నాలుగో సెషన్‌కి అతని అనుమతితో రూమ్మేట్లిద్దరినీ పిలిచాను. నాకన్నా వాళ్లే ఎక్కువ టెన్షన్‌లో ఉన్నారు.

"వెంటనే వార్డెన్‌కి ఎందుకు చెప్పలేదు?" అని కాకుండా, "ఆ నలభై నిమిషాలు మీకేమనిపించింది?" అని అడిగాను. చెబితే తమ పేర్లు కూడా రాస్తారేమోనన్న భయం. ఒకడు, "పడుకుంటే దిగిపోతుందనుకున్నాం మేడమ్" అన్నాడు.

పడుకుంటే దిగదు. తాగడం ఆపాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి వెళుతూనే ఉంటుంది. అంటే నిద్రలోకి జారుకున్నవాడికి మత్తు ఇంకా పెరగొచ్చు. వెల్లకిలా పడుకుని వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుంది, ఎందుకంటే దగ్గి బయటికి నెట్టే శక్తి కూడా అప్పటికి మందగిస్తుంది. చన్నీళ్లు పోస్తే ఒళ్లు మరింత చల్లబడుతుంది. ఇవి చెప్పి వదిలేయకుండా ఒకణ్ని నేల మీద పడుకోబెట్టి రెండోవాడి చేత పక్కకి తిప్పించాను. పైన ఉన్న కాలు మోకాలి దగ్గర మడిచి ముందుకి, పైచెయ్యి చెంప కింద, తల కొంచెం వెనక్కి, నోరు నేలవైపు. మూడుసార్లు చేశారు. మూడోసారి మన అబ్బాయే కింద పడుకున్నాడు. ముగ్గురూ నవ్వలేదు.

గట్టిగా పిలిచినా గిల్లినా లేవకపోతే, ఊపిరి నిమిషానికి ఎనిమిదికన్నా తగ్గితే, రెండు ఊపిరుల మధ్య పది సెకన్లు దాటితే, పెదాలు నీలంగా మారితే, ఒళ్లు చల్లబడితే, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అంబులెన్స్ పిలవాలి. మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఒకతను ఫోన్లో సెకన్లు పెట్టుకుని రెండోవాడి ఊపిరి లెక్కపెట్టి చూశాడు.

ఆ తర్వాత వార్డెన్ దగ్గరికి వెళ్లాను. స్నేహితుణ్ని కాపాడ్డానికి వచ్చినవాళ్ల మీద చర్య ఉండదన్న నియమం కొన్ని దేశాల్లో యూనివర్సిటీలు పెట్టుకున్నాయని, ఇక్కడా రాతపూర్వకంగా పెడదామని అడిగాను. "అంటే తాగండి, పడిపోతే మేం చూసుకుంటాం అని బోర్డు పెట్టమంటారా?" అన్నారు. ఆయన భయం ఆయనది. రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది ఆయనే. చివరికి, వచ్చి తలుపు కొట్టినవాళ్ల పేర్లు రాయనని నోటిమాటగా ఒప్పుకున్నారు. కాగితం మీదకి ఇప్పటికీ రాలేదు.

తర్వాత

ఐదు వారాలు బాగానే గడిచాయి. సెమిస్టర్ పరీక్షలు ముగిసిన రాత్రి గీత గ్లాసు రూములోనే ఉండిపోయింది, ఇతను పార్టీలో ఉన్నాడు. నాలుగు కప్పులు. మళ్లీ ముక్కలు ముక్కలుగా గుర్తుంది. సోమవారం ఎవరూ పంపకుండానే వచ్చి కూర్చున్నాడు. "ట్యాంకూ అని పిలిచారు మేడమ్, చెయ్యి దానంతటదే చాచింది" అన్నాడు. ఎవరు పిలిచారు, అప్పుడు ఎక్కడ నిలబడ్డాడు, కప్పు ఎవరు అందించారు అని గంటసేపు ఆ ఒక్క క్షణం మీదే ఉన్నాం. తర్వాత నెల రోజులు పూర్తిగా ఆపేస్తానని తనే అన్నాడు. నేను అడగలేదు. ఆపాడు.

మూడో నెలలో ఆడిట్ మళ్లీ పెట్టలేదు. అది ఏడాది గురించి అడిగే ఫారం, పాత శనివారాలన్నీ మళ్లీ లెక్కలోకి వస్తాయి. దానికి బదులు తాగిన రాత్రులు, డ్రింకులు అతను రాసుకున్న డైరీ చూశాం. నా దగ్గరికి వచ్చిన మొదటి నెలలో నాలుగు రాత్రులు, ఎక్కువలో ఎక్కువ ఎనిమిది డ్రింకులు. మూడో నెలలో రెండు రాత్రులు, ఎక్కువలో ఎక్కువ మూడు. ఆరో నెలలో ఒకే రాత్రి, కానీ ఆ రాత్రి ఆరు. మధ్యలో రెండు పేజీలు ఖాళీ. మర్చిపోయానన్నాడు. నమ్మాలో లేదో తెలియక ఖాళీ అనే రాసుకున్నాను.

సెలవులకి ఇంటికెళ్లి వచ్చాక కలిశాడు. మొదటి రోజు సాయంత్రమే నాన్న ఎదురుగా కూర్చోబెట్టుకుని, పెద్దవాడివయ్యావంటూ గ్లాసు చేతికిచ్చారట. చుట్టాలతో "మా వాడిక్కూడా ఎక్కదు" అన్నారట.

"తాగావా?"

"ఒకటి. గీత దాకానే." కాసేపు ఆగాడు. "నాన్న పోసుకోవడం చూశాను మేడమ్. జార్ లేదు గానీ కంటితోనే కొలిచేశాను. ఆయన ఒకటి అనేది మూడుకి తక్కువ లేదు. రోజూ ఎన్ని తాగుతారో లెక్కేద్దామని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను."

ఎందుకు ఆపాడో అడిగేలోగా టైమైపోయింది. వచ్చే గురువారం అక్కడి నుంచే మొదలుపెట్టాలని ఫైల్లో రాసుకున్నాను. నాన్న వచ్చి నాతో మాట్లాడతారేమో అడిగి చూడమన్నాను. మెజరింగ్ జార్ ల్యాబ్‌వాళ్లు తిరిగి అడుగుతున్నారు, ఇంకా ఇవ్వలేదు.